తల్లిభాష నేర్చుకోవడానికి ఎవరొచ్చారు?

మేము టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, డీఎస్సీకి చదువుదామని హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న అడిక్‌మెట్‌లో ఒక మేడ మీద రేకుల గది తీసుకున్నాం. ఒక్కొక్కరికి కిరాయి తక్కువ పడుతుందని నలుగురం కలిసి ఉన్నాం. నలుగురం ఆదిలాబాద్ గోండులమే. పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందరి చెట్ల కింద చదువు, సాయంత్రం కోచింగ్, రాత్రి గదిలో వంట. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడే మా మాట మాట్లాడుకునేవాళ్లం. మెట్లు దిగితే మళ్లీ తెలుగే.

ఒకరోజు డిగ్రీ చదివే తమ్ముడొకడు గదికి వచ్చాడు. వాళ్ల నాయన ఉద్యోగం చేస్తూ పట్నాల్లోనే ఉండిపోయాడు. "అన్నా, నాకు గోండి నేర్పుతారా? ఊరికి పోతే నాయనమ్మ మాట్లాడుతది. సగమే సమజైతది. నేను తెలుగులో చెప్తే ఆమెకు సగమే సమజైతది" అన్నాడు. అట్లా ఆదివారం తరగతి మొదలైంది. ఆ నోటా ఈ నోటా విని మొదటి ఆదివారం పదిహేడు మంది వచ్చారు. పంతులు కావాలని చదువుకున్న బుద్ధి కదా, మేము హాజరు పుస్తకం పెట్టాం. రెండో వారం పద్నాలుగు, నాలుగో వారం తొమ్మిది. నోటిఫికేషన్ వస్తుందన్న మాట పుట్టగానే నాలుగు. దీపావళికి ముందు మూడు వారాలు ఉన్నట్టుండి ఇరవై దాటింది. పండుగ పోయాక మళ్లీ ఆరు. మేము గది ఖాళీ చేసిన రోజుతో తరగతి ఆగిపోయింది.

ఆ పుస్తకం ఇంకా మా దగ్గరే ఉంది. అప్పట్లో అది మా ఓటమి లెక్క అనుకున్నాం. ఇన్నేళ్లు బడిలో పనిచేశాక మళ్లీ తీసి చూస్తే అందులో ఒక చరిత్ర కనిపిస్తోంది. పెద్దవాళ్లు ఒక భాష నేర్చుకోవడానికి ఎప్పుడు వస్తారు, ఎందుకు వస్తారు, ఎందుకు మానేస్తారు అన్న సంగతి ఆ అంకెల్లో ఉంది. మన భాషల విషయంలో ఈ ప్రశ్న నూరేళ్లకు పైగా నడుస్తోంది. యువతా, తోటి ఉపాధ్యాయులూ దీన్ని గమనించాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

అడిక్‌మెట్ నేల మీద భాషల చదువు

ముందు ఆ గది ఉన్న చోటు గురించే చెప్పుకోవాలి. ఉస్మానియా క్యాంపస్ నేల ఒకప్పుడు అడిక్‌మెట్ జాగీరు. ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందాకు నిజాం దర్బారు ఇచ్చిన జాగీరని చెబుతారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చాడు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు మనం చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఆ విశ్వవిద్యాలయంలో బోధన అంతా ఉర్దూలో సాగేది. గణితం, రసాయనశాస్త్రం, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పేవారు. అందుకోసం ముందే అనువాద శాఖ పెట్టి పుస్తకాలు తయారుచేయించారు. ఇంగ్లిషులో చదువుకుని వచ్చిన అధ్యాపకులు పెద్ద వయసులో ఉర్దూ పరిభాష నేర్చుకుని పాఠం చెప్పారు. రాజ్యం తలుచుకుంటే ఒక భాష కోసం ఎంత ఖర్చు పెడుతుందో, ఎంతమంది పెద్దవాళ్లను మళ్లీ విద్యార్థులను చేస్తుందో చూడాలంటే ఆ భవనమే సాక్ష్యం. 1948 తర్వాత అక్కడ ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిషు వచ్చింది. రాజ్యం చెయ్యి తీసేస్తే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం కూడా అదే.

క్యాంపస్ దాటి తార్నాక వైపు నడిస్తే ఇఫ్లూ వస్తుంది. 1958లో ఇంగ్లిషు బోధన కోసం పెట్టిన కేంద్ర సంస్థ అది. 1972లో విదేశీ భాషలు కూడా చేర్చుకుంది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. మేము కోచింగ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు జర్మన్, ఫ్రెంచి పుస్తకాలు పట్టుకుని పోయే పెద్దవాళ్లు ఎదురయ్యేవారు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి, కొందరికి ఉద్యోగాలున్నాయి. పగలంతా పనిచేసి వచ్చి కొత్త భాషలో ఒకటీ రెండూ లెక్కపెట్టడానికి సిగ్గుపడేవాళ్లు కాదు. ఆ భాష వస్తే ఒక ఉద్యోగమో, ఒక ప్రయాణమో ఉందని వాళ్లకు తెలుసు.

ఉస్మానియాలోనే 1962లో భాషాశాస్త్ర శాఖ మొదలైంది. దాన్ని నిలబెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల భాష మీద రాసిన గ్రంథం 1969లో హైదరాబాద్‌లోని గిరిజన పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. ఆ పుస్తకం కోసం ఆయన కొండదొరల దగ్గర కూర్చుని విన్నాడు, మాటలు రాసుకున్నాడు, తప్పయితే దిద్దించుకున్నాడు. ఒక ప్రొఫెసర్ మనవాళ్ల ముందు విద్యార్థిగా కూర్చున్నాడన్నమాట. మా గదికి వచ్చిన పదిహేడు మందిలో చాలామంది ఆ శాఖ ముందు నుంచే రోజూ నడిచి వచ్చేవాళ్లు. మన భాషలు పెద్ద విద్యకు తగినవని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ముందు నేర్చుకున్నది బయటివాళ్లే

మన భాషలను పెద్ద వయసులో పట్టుబట్టి నేర్చుకున్నవాళ్ల జాబితా రాస్తే మొదటి పేర్లు బయటివాళ్లవే. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో మిషనరీ జాన్ కెయిన్ కోయల మధ్య చాలా ఏళ్లు ఉన్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1870లలో వ్యాసాలు రాశాడు. ఆయన రావడానికి కారణం మతం. కారణం ఏదైనా, కోయ మాట రాకుండా తన పని జరగదని ఆయనకు అర్థమైంది.

మన ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవాల్సిన పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఏటా ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. అది ఆయన పుట్టినరోజు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి పిల్లలతో ఉపన్యాసాలు ఇప్పిస్తాం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తాం. 1863లో పుట్టిన ఆయన 1880లో అక్కడ పంతులు ఉద్యోగంలో చేరాడు. కొండల నుంచి దిగివచ్చే సవరల మాట విన్నాడు, అర్థం కాలేదు. సవర తెలిసిన మనిషిని దగ్గర పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు. సవర భాషా వివరణ గ్రంథం 1931లో, సవర - ఇంగ్లిషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

తెలుగు భాషా దినోత్సవం ఎవరి పేరున జరుగుతోందో ఆయన ఒక ఆదివాసీ భాషకు జీవితకాల విద్యార్థి. ఈ మాట ఏజెన్సీ బడుల్లో ఆ రోజున గట్టిగా చెప్పాలి. బయటి నుంచి వచ్చిన పంతులు పిల్లల భాష నేర్చుకోవడం కుదరని పని అని ఎవరైనా అంటే, 140 ఏళ్ల కింద ఒక పంతులు మొదలుపెట్టి చూపించాడని చెప్పొచ్చు.

మార్లవాయిలో పెద్దల బడి

గోండుల సంగతికి వస్తే, కథ 1940లో జోడెఘాట్ దగ్గర మలుపు తిరిగింది. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడిన కుమ్రం భీం అక్కడ నిజాం పోలీసుల కాల్పుల్లో అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం అనుకున్నది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు. తర్వాత ఆయన నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యుడిగా పనిచేశాడు. అంటే మార్లవాయికీ అడిక్‌మెట్‌కూ మధ్య ఒక దారి అప్పుడే పడింది.

1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. దీన్ని పిల్లల బడిగానే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. నిజానికి అది మొదట పెద్దవాళ్ల బడి. పిల్లలకు చెప్పాలంటే పంతుళ్లు కావాలి, గోండుల్లో చదువుకున్నవాళ్లు లేరు. అక్కడో ఇక్కడో కొంచెం మరాఠీ అక్షరాలు తెలిసిన గోండు యువకులను వెతికి తెచ్చి, వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చువేశారు. పొలం దున్నే చేతులు పలక పట్టుకుని తమ సొంత మాటను మొదటిసారి కళ్లతో చూశాయి. వాళ్లే తర్వాత ఊరూరా పంతుళ్లయ్యారు. మరికొందరు చదువు నేర్చి పట్వారీలుగా, ఫారెస్టు గార్డులుగా కుదిరారు.

మార్లవాయికి పెద్దవాళ్లు ఎందుకు వచ్చారో ఇందులోనే ఉంది. నేర్చుకుంటే పని ఉంది. నేర్చుకునే చోటు గోండుల ఊరే. చెప్పేవాడు గోండి తెలిసినవాడే. మా ఆదివారం తరగతిలో ఈ మూడింటిలో చివరిది మాత్రమే ఉండేది.

ఆ పథకం ఎక్కువ కాలం గోండిలో నడవలేదు. నిజాం రాజ్యం పోయింది, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చాయి, బడి భాష తెలుగయింది. పక్క ఊరు మహారాష్ట్రలోకి పోతే అక్కడి గోండు మరాఠీ చదివాడు, ఇవతలివాడు తెలుగు చదివాడు. ఒకే సగా వాళ్లు రెండు లిపుల్లో పెళ్లి పత్రికలు అచ్చువేసుకునే రోజులొచ్చాయి. అదే 1956లో రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని అది రాష్ట్రాలకు చెప్పింది. కాగితం మీద హక్కు వచ్చిన ఏడాదే ఊళ్లో అవకాశం తగ్గిపోవడం మొదలైంది.

"ఉంది" అన్నందుకు దెబ్బ

మాలో ఒకరు ఒకటో తరగతిలో ఉన్నప్పటి సంగతి ఇది. పంతులు రెండు పలకలు తీసి ఒకటి దాచి, "ఎన్ని పలకలున్నాయి?" అని అడిగాడు. పిల్లవాడు "ఉంది" అన్నాడు. "ఉందని నాకూ తెలుసు. ఎన్ని?" అన్నాడు పంతులు. "ఉంది" అన్నాడు పిల్లవాడు మళ్లీ. మొండికేస్తున్నాడని దెబ్బ పడింది. గోండిలో ఉంది అంటే ఒకటి. ఉంది, రండ్, ముండ్, నాలుంగ్ అని మన లెక్క. రండ్, ముండ్, నాలుంగ్ వింటే తెలుగు పంతులుకు రెండు, మూడు, నాలుగు గుర్తురావాలి. మన ఏర్ అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే వాగు. రెండూ ఒకే కుటుంబం భాషలు. ఆ పంతులు పది మాటలు నేర్చుకుని ఉంటే ఆ పిల్లవాడు సరైన జవాబు చెప్పాడని తెలిసేది.

ఆ దెబ్బ తిన్న తరం పెద్దయ్యాక ఏం చేసింది? తమ పిల్లలకు ఆ బాధ వద్దని ఇంట్లో కూడా తెలుగు మాట్లాడింది. వాళ్లను తప్పుపట్టలేం. అయితే ఫలితం లెక్కల్లో కనిపిస్తోంది. 2001 జనాభా లెక్కల్లో గోండి తన మాతృభాష అన్నవాళ్లు దేశంలో 27.13 లక్షలు. 2011లో 29.84 లక్షలు. పెరిగినట్టే ఉంది. కానీ ఆ పదేళ్లలో దేశ జనాభా 17.7 శాతం పెరిగితే గోండి మాట్లాడేవాళ్లు పది శాతమే పెరిగారు. గోండుల జనాభా కోటి దాటింది. పదిమంది గోండుల్లో గోండిని మాతృభాషగా చెప్పినవాళ్లు ముగ్గురు కూడా లేరు. కోయ మాతృభాష అన్నవాళ్లు 2011లో 4.07 లక్షలు, కొలామీ 1.28 లక్షలు.

1990ల్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకునే ఆడవాళ్లు సారా మీద తిరగబడి చరిత్రకెక్కారు. పెద్దవాళ్లు రాత్రిబడికి రారు అన్న మాట అబద్ధమని ఆ ఉద్యమం రుజువు చేసింది. వాళ్ల బతుకులో ఉన్న సంగతి, వాళ్ల మాటలో పాఠంగా ఉంది కాబట్టి వాళ్లు వచ్చారు. మన గూడేలకు వచ్చిన వాచకం మాత్రం తెలుగుది. మన అవ్వలు అక్షరమూ నేర్చుకోవాలి, అక్షరం ఏ భాషదో ఆ భాషా నేర్చుకోవాలి. రెండు బరువులు ఒకేసారి ఎత్తమంటే మూడో రాత్రికి చాప ఖాళీ అయింది.

2004-05లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామీ, బంజారా భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. మొదట 240 బడుల్లో ప్రయోగం చేశారు. అక్కడ మన ఉపాధ్యాయులకు ఒక వింత అనుభవం ఎదురైంది. నోటితో గలగలా మాట్లాడే భాషను కాగితం మీద చదవలేక కూడబలుక్కున్నారు. పిల్లలకు నేర్పడానికి పోయి తామే విద్యార్థులయ్యారు. మార్లవాయిలో జరిగిందే అరవై ఏళ్ల తర్వాత మళ్లీ జరిగింది.

గుంజాల లిపి, మా గొడవ

2006 ప్రాంతంలో నార్నూరు మండలం గుంజాలలో పాత రాతప్రతుల సంగతి బయటి లోకానికి తెలిసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, తోటి పరిశోధకులు ఆ ఊరికి వెళ్లి, గోండికి సొంత లిపి ఉందని వెలుగులోకి తెచ్చారు. ఆ లిపి చదవగలిగినవాళ్లు అప్పటికి ఊళ్లో కొద్దిమంది పెద్దమనుషులే. వాళ్ల దగ్గర యువకులు కూర్చుని నేర్చుకున్నారు. 2018లో యూనికోడ్‌లో గుంజాల గోండి చేరింది. అంతకు ముందు ఏడాదే మధ్యప్రదేశ్‌కు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసరామ్ 1918లో రూపొందించిన మరో గోండి లిపి కూడా చేరింది. ఇప్పుడు ఫోనులో మన అక్షరం కనిపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు.

అయితే మా అడిక్‌మెట్ తరగతిని సగం చంపింది ఈ లిపి గొడవే. తెలుగు అక్షరాల్లో రాద్దామని ఒకరు, మార్లవాయి వాచకాల్లో దేవనాగరి ఉంది కదా అని ఇంకొకరు, గుంజాల లిపే మనదని మరొకరు. దాంతో పాటు ఎవరి గోండి అసలైనదన్న వాదన. ఉట్నూరు వైపు మాట ఒకటి, మహారాష్ట్ర సరిహద్దు మాటలో మరాఠీ ఎక్కువ, ఆసిఫాబాద్ వైపు తెలుగు ఎక్కువ. నేర్చుకుందామని వచ్చిన పట్నం తమ్ముడు గోడకు ఆనుకుని మా వాదన తెలుగులో వింటూ కూర్చున్నాడు. అవును, గోండి గురించి మేము తెలుగులో పోట్లాడుకున్నాం. మూడు వారాల తర్వాత అతను రావడం మానేశాడు. అతనికి కావాల్సింది నాయనమ్మతో నాలుగు మాటలు. మేము ఇచ్చింది అక్షరాల పట్టిక. ఇది మా తప్పు, ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

దీపావళికి ముందు ఇరవై దాటడానికి కారణం కూడా ఇప్పుడు తెలుస్తోంది. దండారి దగ్గరికొచ్చింది. ఊరికి పోయి గుస్సాడి వెంట తిరగాలి, పాట వస్తే పాడాలి, పక్క ఊరివాళ్లు పరాచికమాడితే జవాబివ్వాలి. ఆ మూడు వారాలు మేము లిపి పక్కన పెట్టి పాటలూ పలకరింపులే నేర్పాం. ఎవరూ మానలేదు. పండుగ తర్వాత మేము మళ్లీ అక్షరాలకే పోయాం, వాళ్లు మళ్లీ పోయారు.

వేల్స్ వాళ్లు ఏం చేశారు

ఇలాంటి కష్టం మనకు ఒక్కరికే రాలేదు. బ్రిటన్‌లో ఇంగ్లండును ఆనుకుని వేల్స్ అనే చిన్న దేశం ఉంది. వాళ్ల సొంత భాష వెల్ష్. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. మనకు బెత్తం, వాళ్లకు చెక్కముక్క. 1901లో జనంలో సగం మందికి వచ్చిన భాష 1961 నాటికి నలుగురిలో ఒకరికి మిగిలింది. 1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత ఈ భాష చచ్చిపోబోతోందని రేడియోలో హెచ్చరించాడు. అక్కడి నుంచి యువత కదిలింది. బోర్డుల మీద, కచేరీల్లో, టీవీలో తమ భాష కోసం కొట్లాడింది.

వాళ్లు పిల్లల బడులతో ఆగలేదు. పెద్దవాళ్ల కోసం వేరే దారి వేశారు. ఇజ్రాయెల్‌లో వలస వచ్చిన పెద్దలకు హీబ్రూ నేర్పిన పద్ధతిని చూసి, 1970ల్లో తమ దగ్గర అలాంటి తరగతులు పెట్టారు. తక్కువ కాలంలో ఎక్కువ గంటలు, ముందు మాట, తర్వాతే రాత. క్వారీ మూతపడి జనం వదిలేసిన ఒక సముద్రతీరపు ఊరిని కొని, ఇళ్లు బాగుచేసి, పెద్దలు వచ్చి ఉండి వెల్ష్ నేర్చుకునే కేంద్రంగా మార్చారు. ఆ ఊరి పేరు నాంట్ గుర్తేర్న్. 2016లో పెద్దల వెల్ష్ చదువుకు జాతీయ కేంద్రం ఏర్పడింది. 2050 నాటికి పది లక్షల మంది మాట్లాడాలని ప్రభుత్వం 2017లో లక్ష్యం పెట్టుకుంది.

మనం పట్టించుకోవాల్సింది వాళ్ల లెక్క. ఎంతమంది పెద్దలు చేరారో ఆ కేంద్రం ఏటా లెక్కగట్టి ప్రకటిస్తుంది. 2017-18లో పన్నెండు వేల పైచిలుకు ఉన్నవాళ్లు 2023-24 నాటికి పద్దెనిమిది వేలు దాటారు. అయినా 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతానికి తగ్గారు. పదేళ్ల ముందు 19 శాతం. ఎక్కువగా తగ్గింది పిల్లల్లో. పెద్దలు నేర్చుకున్నంత మాత్రాన సరిపోదని, నేర్చుకున్న మాట ఇంట్లో పిల్లల దాకా చేరాలని ఆ అంకెలు వాళ్లకు చెప్పాయి. లెక్క పెట్టుకున్నారు కాబట్టే తప్పు ఎక్కడుందో తెలిసింది.

ఇప్పుడు మనం చేయగలిగింది

మన దగ్గర ఈ ప్రశ్న ఇప్పుడు ఇంకా ముదిరింది. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికి చేరినవాళ్ల ఉద్యోగాలు ఉండనిచ్చింది. ఉద్యోగాల నష్టం గురించి సంఘాలు మాట్లాడాయి, మాట్లాడాలి కూడా. దానితోపాటు ఇంకో సంగతి ఉంది. రేపు ఏజెన్సీ బడిలో నిలబడే పంతులుకు "ఉంది" అంటే ఒకటి అని తెలియకపోవచ్చు. బయటి నుంచి వచ్చే టీచరుకు మొదటి ఏడాది పిల్లల భాష నేర్పాలని, అది అయ్యేదాకా ఊరివాళ్లలో ఒకరిని పక్కన పెట్టాలని మనం అడగాలి. నేర్పేది మనవాళ్లే కావాలి, దానికి జీతం ఉండాలి. మార్లవాయికి పెద్దలు రావడానికి చదువు వెనక పని ఉండటమే కారణమని మరవద్దు.

ఇంకో పని మన చేతుల్లోనే ఉంది. గోండి, కోయ, కొలామీ అర్థమవుతుంది కానీ నోరు రాదు అనేవాళ్లు మన యువతలో చాలామంది. మా తరగతికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. ఏమీ రానివాడు తప్పు మాట్లాడటానికి భయపడలేదు. సగం వచ్చినవాడే భయపడ్డాడు, ఎందుకంటే "గోండువై ఉండి ఇంత కూడా రాదా" అని నవ్వింది మనమే. ఆ నవ్వు ఆపాలి. తార్నాకలో జర్మన్ తప్పుగా మాట్లాడినవాణ్ని ఎవరూ నవ్వరు, దిద్దుతారు. మన పిల్లల్నీ అట్లాగే దిద్దుదాం.

ఇప్పుడు అడిక్‌మెట్, తార్నాక, విద్యానగర్ గదుల్లో ఉండి చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు తరగతి పెట్టుకోండి. మేము చేసిన తప్పు చేయకండి. లిపి గొడవ వాయిదా వేసి మాటతో మొదలుపెట్టండి. దండారికి ముందు, నాగోబా జాతరకు ముందు పెడితే జనం వస్తారు. ఎవరి ఊరి గోండి వాళ్లను మాట్లాడనివ్వండి. వారానికి ఒకసారి ఫోనులో నాయనమ్మతోనో తాతతోనో మాట్లాడటమే ఇంటి పని అని చెప్పండి. పరీక్షలు రాగానే సంఖ్య పడిపోతుంది, బెంగపడకండి, తలుపు మూయకండి. ముఖ్యంగా ఒక పుస్తకంలో హాజరు రాయండి. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎప్పుడు మానారు అన్నీ రాయండి. ఏటా కేస్లాపూర్ జాతరలో అందరం కలిసినప్పుడు ఆ పుస్తకాలు ఒక్కచోట పెట్టి కూడితే, అది మనం తయారుచేసుకున్న మన లెక్క అవుతుంది.

మొన్న ఊట్నూరు బస్టాండులో మాకు ఆ పట్నం తమ్ముడు కనిపించాడు. ఇప్పుడు అతనికి ఇద్దరు పిల్లలు. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయిందట. "పిల్లలకు నేర్పుదామంటే నాకే రాదు అన్నా, మళ్లీ పెడతారా తరగతి?" అని అడిగాడు. వచ్చే ఆదివారం నుంచి మొదలుపెడుతున్నాం. మా పాత హాజరు పుస్తకంలో ఇంకా ఖాళీ పేజీలున్నాయి.